ఇల్లు మారడం, తరలింపు సంస్థను కుదుర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం లారీకి సామాను ఎక్కించేటప్పుడు పుట్టినవి కావు. అంతకు కొన్ని వారాల ముందు, నోటిమాటతో సరిపెట్టుకున్నప్పుడే పుట్టినవి. ఏయే సామాను వెళ్ళాలి, అది ఎంత జాగా పడుతుంది, ఎవరు సర్దాలి, ఎవరు విప్పాలి, పగిలితే ఎవరు ఎంత చెల్లించాలి అన్నవి కాగితం మీదికి రాకపోతే, తరువాత తలెత్తే ప్రతి తగాదాలోనూ ఇంటివారి మాట ఒకటి, సంస్థవారి మాట మరొకటి అవుతుంది. అందుకే ఈ జవాబుల్లో సామాను జాబితా ప్రస్తావన పదేపదే వస్తుంది.

ఎంత ముందుగా సన్నాహాలు మొదలుపెట్టాలి?

ఒకే ఊళ్ళో వీధి మారేవారికి నెల రోజుల వ్యవధి సరిపోతుంది. ఊరు మారేవారు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, దేశం దాటేవారు కనీసం మూడు నెలల ముందు పని మొదలుపెట్టడం మంచిది. ఈ వ్యవధిలో పెట్టెలు సర్దడానికి పట్టే సమయం తక్కువే. సంస్థలవారిని పిలిపించి సామాను చూపించడం, వారిచ్చే అంచనాలను పోల్చుకోవడం, ఒప్పందం చదవడం, అక్కర్లేనివి వదిలించుకోవడం వంటి పనులకే ఎక్కువ రోజులు పడతాయి. అద్దె ఒప్పందాలు చాలావరకు నెలాఖరుకు ముగుస్తాయి కనుక నెల చివరి రోజుల్లోనూ, మొదటి రోజుల్లోనూ, అలాగే వారాంతాల్లోనూ, బడులకు సెలవులిచ్చే కాలంలోనూ మంచి సంస్థలకు తీరిక ఉండదు. ఆ రద్దీలో అప్పటికప్పుడు రోజుకూలీకి తెచ్చిన, అనుభవం లేని పనివారు మీ ఇంటికి రావచ్చు. వీలుంటే నెల మధ్యలో, వారం మధ్యలో ఒక రోజు ఎంచుకోండి. పాత ఇంటి తాళాలు అప్పగించే రోజుకు ముందే కొత్త ఇంటి తాళాలు చేతికి వచ్చి, రెండు మూడు రోజులైనా రెండు ఇళ్ళూ మీ అధీనంలో ఉండేలా చూసుకుంటే, లారీ ఆలస్యమైనా నిలువనీడ లేని పరిస్థితి రాదు.

మొట్టమొదట చేయవలసిన పని ఏమిటి?

సామాను జాబితా రాయడం. సంస్థకు ఫోన్ చేయడం కూడా దాని తరువాతే. ఒక నోటు పుస్తకం తీసుకుని గది తరువాత గది తిరుగుతూ ప్రతి బీరువా, ప్రతి సొరుగు తెరిచి చూసి రాయాలి. అటక మీద ఉన్నవి, మంచం కింది అరల్లో ఉన్నవి, బాల్కనీలో ఉన్నవి, మెట్ల కింద తోసిపెట్టినవి సాధారణంగా లెక్కకు రావు; లారీ నిండిపోయిన తరువాత బయటపడేవి కూడా ఇవే. ప్రతి వస్తువు పక్కనా అది కొత్త ఇంటికి వెళ్తుందా, ఎవరికైనా ఇచ్చేస్తారా, పారేస్తారా, మీ వెంట తీసుకువెళ్తారా అన్నది గుర్తు పెట్టండి.

రాసిన తరువాత ప్రతి గదినీ అల్మారా తలుపులు తీసిపెట్టి వీడియో తీయండి. టీవీ, కంప్యూటర్, ఫ్రిజ్ వంటి వాటి సీరియల్ నంబర్లు కనిపించేలా విడిగా ఫొటోలు తీసుకోండి. ఇప్పటికే ఉన్న గీతలు, సొట్టలు, ఊడిన పెచ్చులు కూడా ఫొటోల్లో పడాలి; పాత గీతను ఒప్పుకున్నవారి మాటకే కొత్త గీత విషయంలో విలువ ఉంటుంది. ఈ జాబితా సంస్థలు ఖర్చు అంచనా వేయడానికి, బీమాలో విలువ చెప్పడానికి, దింపిన తరువాత లెక్క చూసుకోవడానికి, ఏదైనా పోతే పరిహారం అడగడానికి పనికి వస్తుంది. ఒక సాయంత్రం దీనికి కేటాయించడానికి బద్ధకించవద్దని గట్టిగా చెబుతాను.

పెద్ద సామాను కొత్త ఇంట్లోకి పడుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

టేపు పట్టుకుని కొలవడమే మార్గం. గది వైశాల్యం ఒక్కటే కొలిస్తే చాలదు. సామాను ఆ గదికి చేరే దారి పొడవునా, అంటే లిఫ్టు తలుపు వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు, మెట్ల మలుపు దగ్గర ఉండే జాగా, ముఖద్వారం, నడవా, పడకగది తలుపు, ఇవన్నీ కొలవాలి. తలుపు కొలిచేటప్పుడు ద్వారబంధం లోపలి అంచు నుంచి, తెరిచి ఉన్న తలుపు రెక్క మందం తీసివేసి కొలవాలి.

సోఫా విషయంలో చాలామంది పొడవు చూసి భయపడతారు గానీ అసలు అడ్డం పడేది లోతు. సోఫాను నిలువుగా లేపి, వెనుక ఆనుకునే భాగాన్ని ముందు తలుపులోంచి తిప్పి లోపలికి తోస్తారు. కనుక వెనుక భాగపు పై అంచు నుంచి చేతుల ముందు అంచు వరకు ఒక కర్రను ఏటవాలుగా ఆనించి, ఆ కర్ర నుంచి సోఫా వెనుక అడుగు మూలకు ఎంత దూరముందో కొలవండి. ఆ కొలత తలుపు వెడల్పు కన్నా తక్కువగా ఉంటే సాధారణంగా సోఫా లోపలికి వస్తుంది. పొడవైన బీరువాలకు మరొక చిక్కు ఉంది: పడుకోబెట్టి తెచ్చిన బీరువాను గదిలో నిలబెట్టేటప్పుడు దాని మూల పైకప్పుకు తగులుతుంది. బీరువా పక్క భాగంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న కొలత పైకప్పు ఎత్తు కన్నా తక్కువ ఉండాలి; లేకపోతే దాన్ని విప్పదీసి మళ్ళీ బిగించవలసిందే.

సామాను పరిమాణాన్ని సంస్థలు ఎలా లెక్కగడతాయి?

చాలా సంస్థలు ఘనపరిమాణాన్ని, కొన్ని తూకాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. ఘనపరిమాణమంటే పొడవు, వెడల్పు, ఎత్తులను గుణిస్తే వచ్చేది. 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల లోతు, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న సోఫా సుమారు 1.6 ఘనపు మీటర్ల జాగా తీసుకుంటుంది. ప్రతి వైపూ 45 సెంటీమీటర్లున్న అట్టపెట్టెలు పదకొండు పేరిస్తే దాదాపు ఒక ఘనపు మీటరు అవుతుంది. ఒక ఘనపు మీటరుకు 35 ఘనపుటడుగుల పైచిలుకు. ఓడలో వెళ్ళే 20 అడుగుల కంటెయినర్ లోపల సుమారు 33 ఘనపు మీటర్ల జాగా ఉంటుంది. అయితే వస్తువుల ఆకారాలు ఒకదానికొకటి పొసగవు కనుక ఏ లారీనైనా, ఏ కంటెయినర్‌నైనా అంచుల దాకా నింపడం సాధ్యం కాదు. ఈ లెక్క మీకూ తెలిసి ఉంటే, సంస్థ చెప్పిన అంకె మరీ ఎక్కువగానో తక్కువగానో ఉన్నప్పుడు అడగగలుగుతారు.

అక్కర్లేనివి ఎప్పుడు వదిలించుకోవాలి?

సంస్థవారు సామాను చూడడానికి రాకముందే. ఆ తరువాత తగ్గించిన సామానుకు అంచనాలో తగ్గింపు వస్తుందన్న నమ్మకం లేదు. ఒక వస్తువును మోయించడానికయ్యే ఖర్చు దాని విలువను మించుతుంటే, అనుబంధం లేని పక్షంలో దాన్ని వదిలేయడమే మేలు.

సంస్థను ఎలా ఎంచుకోవాలి?

ఇటీవల ఇల్లు మారిన బంధువులను, ఇరుగుపొరుగువారిని, ఉద్యోగులను తరచుగా బదిలీ చేసే కార్యాలయాల వారిని అడగడం ఇప్పటికీ మంచి పద్ధతే. ఆన్‌లైన్ సమీక్షల్లో నక్షత్రాల సగటు కన్నా, ఏదైనా పగిలినప్పుడో ఆలస్యమైనప్పుడో సంస్థ ఎలా స్పందించిందో చెప్పే సమీక్షలు చదవండి. సంస్థ రిజిస్ట్రేషన్, రవాణా అనుమతులు, పన్ను నంబరు అడిగి తీసుకుని, ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూసుకోండి. చిరునామా నిజమైనదో కాదో తెలుసుకోవడానికి వీలైతే ఒకసారి కార్యాలయానికి లేదా గోదాముకు వెళ్ళిరండి. దేశం దాటే తరలింపులకు ఫిడి అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది. 1950లో ఏర్పడిన ఈ సమాఖ్యలోని సంస్థలు ఫెయిమ్ అనే నాణ్యతా ప్రమాణాన్ని పాటించాలి, బయటివారి తనిఖీకి లోబడాలి.

ఒక ప్రశ్న మాత్రం తప్పక అడగండి: «సామాను మోసేది మీ సిబ్బందేనా, లారీ మీదేనా, లేక మరొకరికి అప్పగిస్తారా?» తరలింపు సంస్థలుగా కనిపించేవాటిలో కొన్ని కేవలం మధ్యవర్తులు. పని కుదుర్చుకునేది వారు, చేసేది మీరు ఎన్నడూ చూడని మరొకరు. మధ్యవర్తి ద్వారా వెళ్ళడం తప్పేమీ కాదు. కానీ సామాను పోతే బాధ్యత ఎవరిదన్నది ముందే తేలాలి, అసలు రవాణాదారు పేరు ఒప్పందంలో కనిపించాలి.

ఇల్లు చూడకుండా ఫోన్‌లోనే ధర చెబితే ఒప్పుకోవచ్చా?

ఒకటి రెండు గదుల సామానుకు తప్ప ఒప్పుకోకపోవడమే మంచిది. చూడకుండా చెప్పిన ధర సాధారణంగా తక్కువగా ఉంటుంది. మిగిలినది తరలింపు రోజున, సగం సామాను లారీ ఎక్కిన తరువాత కలుస్తుంది. మనిషి వచ్చి చూడాలి, లేదా వీడియో కాల్‌లో ప్రతి గదీ చూపించాలి. వచ్చిన వ్యక్తి అల్మారాలు తెరిచి చూస్తున్నారా, అటక గురించి అడుగుతున్నారా, కొత్త ఇంటి అంతస్తు, లిఫ్టు, లారీ ఆగే చోటు గురించి వాకబు చేస్తున్నారా అన్నది గమనించండి. అయిదు నిమిషాల్లో చుట్టూ ఒక చూపు చూసి అంకె చెప్పేవారికన్నా, అరగంటసేపు ప్రశ్నలు వేసి విసిగించేవారే నయం.

ఎన్ని అంచనాలు తీసుకోవాలి? వాటిని ఎలా పోల్చాలి?

మూడు తీసుకోండి. ముగ్గురికీ ఒకే జాబితా ఇవ్వండి. లేకపోతే పోలికకు అర్థం ఉండదు. మొత్తం అంకెను పక్కనపెట్టి, అందులో ఏమేమి చేరాయో చూడండి: అట్టపెట్టెలు, బబుల్ షీటు, సర్దడానికి మనుషులు, మంచాలు విప్పి బిగించడం, ఏసీలు దింపడం, రెండు చోట్లా ఎక్కించి దించే కూలి, రహదారి సుంకాలు, పన్నులు, బీమా. కొందరు బిగించడాన్ని కలిపి, విప్పిన పెట్టెల చెత్త తీసుకెళ్ళడాన్ని కలపరు. అందరికన్నా బాగా తక్కువ చెప్పినవారిని «ఈ ధరకు ఏమేమి చేయరు?» అని అడిగితే తేడా ఎక్కడుందో తేలుతుంది.

గంటల లెక్కన మంచిదా, మొత్తానికి ఒక ధర మంచిదా?

దూరం తక్కువై, సామాను తక్కువై, మీరే అంతా సర్ది సిద్ధంగా ఉంచితే గంటల లెక్క లాభించవచ్చు. అయితే గంట ఎక్కడ మొదలవుతుంది, లారీ వారి గోదాము నుంచి బయలుదేరినప్పటి నుంచా, మీ గుమ్మం ముందు ఆగినప్పటి నుంచా అన్నది ముందే రాయించుకోవాలి. ఊరు మారేవారికి జాబితా ఆధారంగా కట్టిన స్థిరమైన ధరే మేలని నా అభిప్రాయం. «సుమారు» అని రాసిన అంచనాకూ, «ఈ జాబితాకు ఇంతకు మించదు» అని రాసి సంతకం చేసిన అంచనాకూ చాలా తేడా ఉంది. మొదటిది కేవలం ఊహ, రెండోది మాటకు కట్టుబడడం.

తరువాత కలిసే అదనపు ఖర్చులు ఏవి?

లిఫ్టు లేని అంతస్తులకు మెట్ల కూలి, లారీ ఇంటి దాకా రాలేనప్పుడు చిన్న బండిలోకి మార్చే ఖర్చు, లారీ ఆగిన చోటు నుంచి గుమ్మం దాకా దూరం ఎక్కువైతే మోత ఖర్చు, మీ తాళాలు ఆలస్యమైతే నిరీక్షణ రుసుము, పియానో, ఇనప్పెట్టె వంటి బరువైన వాటికి అదనపు మనుషుల ఖర్చు. వీటిలో మీ ఇంటికి వర్తించేవాటిని మీరే ముందుగా చెప్పి అంచనాలో చేర్పించండి. దాచిపెడితే ధర తగ్గదు. బేరమాడే అవకాశం లేని రోజున కలుస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు వాడే వేళలకు, లారీ నిలపడానికి రెండు చోట్లా అనుమతులు తీసుకోవలసి ఉంటుంది.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి? ఎవరిని దూరం పెట్టాలి?

తేదీ ఖాయం చేయడానికి కొద్ది మొత్తం ఇవ్వడం మామూలే. మొత్తం ధరో, అందులో సింహభాగమో ముందే నగదుగా అడిగేవారిని నమ్మకండి. డబ్బు సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపి, రసీదు తీసుకోండి. ఖాళీలున్న కాగితం మీద సంతకం పెట్టమనడం, ఫోన్‌లో ఒక పేరు, రసీదు మీద మరో పేరు ఉండడం, పెద్ద సంస్థ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూ చేసి పెట్టుకున్న పేరు, బీమా గురించి అడిగితే «ఏమీ కాదులెండి» అని తేల్చేయడం, ఇవన్నీ వెనక్కి తగ్గవలసిన సూచనలు.

ఒప్పందంలో ఏమేమి ఉండాలి?

రెండు చిరునామాలు, అంతస్తులు, ఎక్కించే తేదీ, దింపే తేదీ లేదా ఫలానా రోజు నుంచి ఫలానా రోజు లోపు అన్న గడువు, సామాను జాబితా, మొత్తం ధర, అందులో చేరినవి, చేరనివి, చెల్లింపు ఎప్పుడెప్పుడు, రద్దు చేసుకుంటే లేదా తేదీ మారిస్తే ఎంత కోత, ఆలస్యమైతే సంస్థ ఏం చేస్తుంది, నష్టానికి బాధ్యత ఎంతవరకు, ఎన్ని రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. చివరి రెండూ సాధారణంగా వెనుక పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. ముందుగా చదవవలసినవి అవే.

సంస్థ బాధ్యత, బీమా ఒకటేనా?

కాదు, ఈ తేడా తెలియకనే చాలామంది నష్టపోతారు. సంస్థ బాధ్యత అంటే తన పొరపాటు వల్ల జరిగిన నష్టానికి ఒప్పందంలో రాసిన పరిమితి వరకు చెల్లించడం. ఈ పరిమితిని కొన్నిచోట్ల తూకాన్ని బట్టి నిర్ణయిస్తారు. అలా లెక్కగడితే రెండు కిలోల ల్యాప్‌టాప్‌కూ, రెండు కిలోల ఇస్త్రీపెట్టెకూ ఒకే పరిహారం వస్తుంది. బీమా అంటే రవాణాలో జరిగే నష్టానికి విడిగా తీసుకునే పాలసీ. దానిని మీరు చెప్పిన విలువ ఆధారంగా ఇస్తారు.

సంస్థ ద్వారా బీమా తీసుకుంటే బీమా కంపెనీ పేరుతో వచ్చే పాలసీ ప్రతిని తప్పక అడగండి. అంచనాలో «బీమా» అని ఒక వరుస రాసినంత మాత్రాన పాలసీ ఉన్నట్టు కాదు. పాతది పోతే కొత్తది కొనడానికి అయ్యే ధర ఇస్తారా, తరుగు తీసివేసి ఇస్తారా అన్నది చూడండి. మొత్తం విలువను తగ్గించి చెబితే, చిన్న నష్టానికి కూడా అదే నిష్పత్తిలో పరిహారం కోసివేసే నిబంధన ఉంటుంది: లక్ష విలువైన సామానును యాభై వేలని చెప్పినవారికి, పది వేల వస్తువు పగిలితే అయిదు వేలే రావచ్చు. మీరే సర్దిన పెట్టెల్లో పగిలినవాటికి చాలా పాలసీలు వర్తించవు. నగలు, నగదు, దస్తావేజులను దాదాపు అన్ని పాలసీలూ మినహాయిస్తాయి.

మేమే సర్దుకోవాలా, సంస్థకు వదిలేయాలా?

బట్టలు, పుస్తకాలు, దుప్పట్లు, బొమ్మలు మీరు సర్దుకోండి. గాజు, పింగాణి, అద్దాలు, టీవీ, పెద్ద ఉపకరణాలు సంస్థకు వదిలేయండి. పైన చెప్పిన బీమా మినహాయింపే దీనికి ప్రధాన కారణం.

సర్దేటప్పుడు పాటించవలసిన పద్ధతులు ఏమిటి?

ఒక పెట్టె బరువు 15 నుంచి 20 కిలోలు మించకూడదు. పుస్తకాలను చిన్న పెట్టెల్లో, దిళ్ళను పెద్ద పెట్టెల్లో పెట్టాలి. చాలా ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరిగి, పుస్తకాల పెట్టె అడుగు ఊడిపోతుంది. పెట్టె అడుగున నడి అతుకు మీద రెండు వరుసల టేపు, అంచుల అతుకుల మీద ఒక్కో వరుస వేయండి. పెట్టెలో ఖాళీ మిగలకూడదు. మూసిన తరువాత మెల్లగా కదిపి చూస్తే లోపల చప్పుడు వినిపించకూడదు. సగం ఖాళీగా ఉన్న పెట్టె మీద మరో పెట్టె పడితే అట్ట కుంగిపోతుంది.

పళ్ళేలను ఒకదానిపై ఒకటి పడుకోబెట్టవద్దు. ఒక్కొక్కదాన్ని కాగితంలో చుట్టి, అంచు మీద నిలబెట్టి, పక్కపక్కనే పేర్చాలి; నిలబడిన పళ్ళెం కుదుపును తట్టుకుంటుంది, పడుకున్న పళ్ళెం మీద పైవాటి బరువంతా పడుతుంది. దినపత్రికల సిరా తెల్లటి పింగాణికి అంటుకుంటుంది కనుక మొదటి చుట్టు అచ్చులేని కాగితంతో వేయండి. చెక్క సామానుకు నేరుగా ప్లాస్టిక్ ఫిల్మ్ చుడితే తేమ లోపలే నిలిచి మెరుగు పాడవుతుంది. ముందు దుప్పటి, దాని మీద ఫిల్మ్. మంచం, బల్ల విప్పినప్పుడు ఊడదీసిన మరలను ఒక సంచిలో వేసి, ఏ వస్తువువో రాసి, ఆ సంచులన్నీ ఒకే పెట్టెలో వేసి మీ దగ్గరే ఉంచుకోండి.

పెట్టె మీద నంబరు, చేరవలసిన గది పేరు రెండు పక్కలా రాయండి. పైన మాత్రమే రాస్తే పేర్చిన తరువాత కనిపించదు. లోపల ఏమున్నాయో మీ జాబితాలో నంబరు ఎదురుగా రాసుకోండి, విలువైన వాటి పేర్లు పెట్టె మీద రాయకండి.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ విషయంలో జాగ్రత్తలేమిటి?

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఆపి, మంచు కరిగించి, నీరు తుడిచి, లోపలి అరలు విడిగా చుట్టాలి. దాన్ని నిలువుగానే తరలించాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోతుంది. అలా తేవలసి వస్తే నూనె తిరిగి కిందికి చేరే వరకు, తయారీదారు చెప్పినన్ని గంటలు నిలబెట్టి ఉంచిన తరువాతే స్విచ్ వేయాలి. ముందు నుంచి తలుపు తెరిచే వాషింగ్ మెషీన్‌కు కొన్నప్పుడు వెనుక వైపు రవాణా బోల్టులు వస్తాయి. స్ప్రింగుల మీద వేలాడే డ్రమ్మును అవి కదలకుండా పట్టి ఉంచుతాయి. వాటిని మళ్ళీ బిగించకుండా దూర ప్రయాణం చేయిస్తే డ్రమ్ము ఊగి లోపలి భాగాలు దెబ్బతింటాయి. కొత్త ఇంట్లో వాటిని తీయకుండా నడిపితే మరింత ప్రమాదం. టీవీ తెరను ఎన్నడూ పడుకోబెట్టకూడదు. కంప్యూటర్‌లోని సమాచారాన్ని ముందే మరో చోట భద్రపరచుకుని, వైర్లు ఊడదీయకముందు వెనుక భాగాన్ని ఫొటో తీసుకోండి.

లారీలో పెట్టకూడనివి ఏవి?

గ్యాస్ సిలిండర్లు, పెట్రోలు, కిరోసిన్, రంగులు, థిన్నర్, యాసిడ్, బ్లీచింగ్, స్ప్రే డబ్బాలు, బాణసంచా. ఎండలో నిలిచిన మూసిన లారీ లోపల వేడి బాగా పెరుగుతుంది కనుక ఇవన్నీ ప్రమాదకరం. మోటారు సైకిల్ ట్యాంకు ఖాళీ చేయాలి. వాడని లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను పెట్టెల్లో పడేయవద్దు. విమానంలో వెళ్ళేవారు పవర్ బ్యాంకును చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఇక మీ వెంటే ఉండవలసినవి: గుర్తింపు కార్డులు, దస్తావేజులు, సర్టిఫికెట్లు, నగలు, నగదు, మందులు, వైద్యుల చీటీలు, హార్డ్ డిస్కులు, తాళాలు, తరలింపు కాగితాలు. మొదటి రాత్రికి కావలసిన పక్కబట్టలు, మార్చుకునే బట్టలు, ఛార్జర్లు, సబ్బు, కత్తెర, స్క్రూడ్రైవర్, ఒక బల్బు ఒకే పెట్టెలో సర్ది దాన్ని కూడా వెంట ఉంచుకోండి.

మొక్కలు, పెంపుడు జంతువులు?

చాలా సంస్థలు తీసుకోవు. మొక్కలను మీ వాహనంలో తీసుకువెళ్ళండి. సరిహద్దులు దాటేటప్పుడు తెగుళ్ళ భయంతో వాటిని అనుమతించకపోవచ్చు. చేపల తొట్టిని ఖాళీ చేయకుండా కదిలించకూడదు. వడపోత స్పాంజిని మాత్రం తొట్టి నీటిలోనే తడిగా ఉంచాలి, ఎండిపోతే నీటిని శుభ్రపరిచే బాక్టీరియా చనిపోతుంది. కుక్కలను, పిల్లులను ఆ రోజుకు తెలిసినవారి ఇంట ఉంచడం వాటికీ, పనివారికీ క్షేమం.

సగం లారీలో పంపడం మంచిదేనా?

మీ సామాను లారీ నిండదనుకుంటే మరొకరి సామానుతో కలిపి పంపడం వల్ల ఖర్చు తగ్గుతుంది. అందుకు బదులుగా చేరే రోజు ఖచ్చితంగా ఉండదు, దారిలో లారీ మారవచ్చు, ఎక్కించడం దించడం పెరిగిన కొద్దీ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. ఈ పద్ధతిలో ప్రతి వస్తువుకూ నంబరు చీటీ తప్పనిసరి. లారీ మారుస్తారా, మధ్యలో గోదాములో ఉంచుతారా అన్నది రాయించుకోండి.

ఓడలో విదేశానికి పంపేటప్పుడు ప్రత్యేకంగా తెలుసుకోవలసినవి ఏవి?

మొదటిది, కస్టమ్స్ జాబితా. «వంటింటి సామాను, ఒక పెట్టె» అని రాస్తే పెట్టె తెరిపించవచ్చు. వస్తువులను విడివిడిగా, వాడినవో కొత్తవో తెలిసేలా రాయాలి. రెండవది, చెక్క పెట్టెలు. ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పురుగులు చావడానికి ముడి చెక్కను లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరి 30 నిమిషాలు నిలిచేలా, లేదా అనుమతించిన మరో పద్ధతిలో శుద్ధి చేసి ముద్ర వేస్తారు. ముద్ర లేని పెట్టెను రేవులో ఆపేయవచ్చు. ప్లైవుడ్‌కు ఈ నియమం వర్తించదు.

మూడవది చాలామందికి తెలియదు. ఓడను ఆపద నుంచి కాపాడడానికి అయిన ఖర్చును, త్యాగం చేసిన సరుకు విలువను ఓడ యజమానీ, అందులోని సరుకుల యజమానులందరూ కలిసి భరించాలన్న పాత నియమం సముద్ర రవాణాలో ఇప్పటికీ అమల్లో ఉంది. దీన్ని జనరల్ యావరేజ్ అంటారు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే భారీ కంటెయినర్ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా చిక్కుకుని 6 రోజులు దారి మూసుకుపోయిన తరువాత దాని యజమాని ఈ నియమాన్ని ప్రకటించారు. అలాంటప్పుడు మీ వస్తువులు చెక్కుచెదరకపోయినా మీ వాటాకు హామీ ఇచ్చేవరకు కంటెయినర్ చేతికి రాదు. ఓడ బీమాలో ఇది చేరిందో లేదో తప్పక చూడండి.

తరలింపు రోజున మేము ఏం చేయాలి?

ఒకరు ఇంట్లో, ఒకరు లారీ దగ్గర ఉంటే చాలు. వచ్చిన లారీ నంబరు, డ్రైవర్ ఫోన్ నంబరు రాసుకోండి. సంస్థవారు కూడా తమ జాబితాలో ప్రతి వస్తువు స్థితినీ రాస్తారు. మంచి బల్ల ఎదురుగా «గీతలున్నాయి» అని రాస్తే అక్కడికక్కడే సరిచేయించండి, దింపిన తరువాత వాదించి ప్రయోజనం లేదు. లారీ కదిలేముందు ఇల్లంతా మరొకసారి తిరిగి, అల్మారాలు తెరిచి చూసి, కరెంటు, నీటి మీటర్ల అంకెలను ఫొటో తీయండి.

దింపిన చోట ఎక్కువ డబ్బు అడిగి, అది ఇచ్చేదాకా సామాను ఇచ్చేది లేదంటే?

ముందు సంతకమైన అంచనా చూపి, సిబ్బందితో కాకుండా కార్యాలయంతో మాట్లాడండి. మాట్లాడిన తరువాత అదే విషయాన్ని మెసేజ్‌గానో ఈమెయిల్‌గానో పంపండి. లారీని, దాని నంబరును ఫొటో తీయండి. చేసిన పని నిజంగా పెరిగి ఉంటే, అంటే జాబితాలో లేని సామాను చేరి ఉంటే, దానికి తగినంత ఇవ్వడం న్యాయమే. పెరగకపోయినా బెదిరిస్తే పోలీసులకు, వినియోగదారుల ఫిర్యాదులు చూసే అధికారులకు తెలియజేయండి. తప్పనిసరై చెల్లించవలసి వస్తే రసీదు మీద «అభ్యంతరంతో చెల్లించాను» అని రాసి, ఎందుకో ఒక వాక్యంలో చేర్చండి.

ఏదైనా పగిలినా, పోయినా ఎలా అడగాలి?

నంబర్లన్నీ జాబితాతో సరిచూసుకునే వరకు «అన్నీ సవ్యంగా అందాయి» అన్న కాగితం మీద సంతకం పెట్టవద్దు. అన్ని పెట్టెలూ వెంటనే విప్పడం సాధ్యం కాదు కనుక «పెట్టెలు విప్పి చూడలేదు» అని రాసి సంతకం చేయండి. నలిగిన పెట్టెలు, తడిసిన పెట్టెలు, టేపు తిరిగి వేసినట్టున్న పెట్టెలు సిబ్బంది ఉండగానే విప్పండి. గాజు సామాను పెట్టెలను మొదటి రెండు రోజుల్లోనే విప్పి చూడాలి, ఎందుకంటే ఫిర్యాదు గడువు చాలా ఒప్పందాల్లో కొద్ది రోజులే ఉంటుంది.

పగిలినది కనిపిస్తే దాన్ని బయటకు తీయకముందు, పెట్టెలో ఉన్నట్టే ఫొటో తీయండి. పెట్టె బయటి భాగాన్ని, నంబరును, లోపలి చుట్టును కూడా తీయండి. సరిగా చుట్టలేదన్నది రుజువయ్యేది వాటితోనే. ముక్కలను, అట్టపెట్టెను బీమావారు చూసేవరకు పారేయవద్దు, మీ అంతట మీరు బాగుచేయించవద్దు. ఫిర్యాదు రాతపూర్వకంగా పంపండి: జాబితాలో వస్తువు నంబరు, కొన్న సంవత్సరం, రసీదు ఉంటే దాని ప్రతి, తరలింపుకు ముందు తీసిన ఫొటో, ఇప్పటి ఫొటో, మీరు అడుగుతున్న మొత్తం. సంస్థకు పంపిన రోజునే బీమా కంపెనీకి కూడా పంపండి. ఒకరి జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటే రెండోవారి గడువు దాటిపోతుంది.